అభిమానం, మమకారం, అధికారం: ‘డాక్టర్ హూ’ ప్రేక్షకుల నిరీక్షణ – ఒక నైతిక పరిశీలన

వ్యాస సంగ్రహం

దశాబ్దాల తరబడి సాగే ఒక కల్పిత కథను అనుసరించే ప్రేక్షకునికి ఆ కథపై ఏదైనా హక్కు ఏర్పడుతుందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. 1963లో బ్రిటన్‌లో ప్రారంభమైన ‘డాక్టర్ హూ’ అనే వైజ్ఞానిక కల్పనా ధారావాహికను ఆధారంగా తీసుకొని, దాని అభిమానులు చేస్తూ వచ్చిన మూడు దావాలను – కథ కొనసాగాలి, కథ మారకూడదు, కథ నశించకూడదు – విడివిడిగా పరీక్షిస్తుంది. మొదటి రెండు దావాలు కోరికగానూ విమర్శగానూ గౌరవించదగినవే గాని హక్కులు కావనీ, మూడవదానికి మాత్రమే హక్కు అనిపించుకోదగిన బలం ఉన్నదనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అభిమానం, మమకారం, సహృదయుడు, సాధారణీకరణం, రసవిఘ్నం, ప్రామాణికత, పరిరక్షణ.

1. ప్రస్తావన

2013 అక్టోబరులో బ్రిటిష్ ప్రసార సంస్థ బీబీసీ ఒక వార్తను ప్రకటించింది. నైజీరియాలోని జోస్ నగరంలో ఒక టెలివిజన్ కేంద్రంలో ‘డాక్టర్ హూ’కు చెందిన పాత ఫిల్మ్ రీళ్లను ఫిలిప్ మోరిస్ అనే అన్వేషకుడు కనుగొన్నాడు. అంతవరకు నశించిపోయాయని భావించిన తొమ్మిది భాగాలు వాటిలో ఉన్నాయి. 1967 డిసెంబరు, 1968 మార్చి నెలల మధ్య ప్రసారమైన రెండు కథలకు చెందిన భాగాలవి. వాటితో ‘ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్’ అన్న కథ సంపూర్ణమైంది. ‘ది వెబ్ ఆఫ్ ఫియర్’ అన్న కథకు ఆరు భాగాలలో మూడవది తప్ప మిగిలినవన్నీ సమకూడాయి.

దాదాపు నలభై అయిదేళ్ల తరువాత పోయిన సొత్తు తిరిగి దొరికినప్పుడు కలగవలసింది సంతోషం. చాలామందికి అదే కలిగింది కూడా. అయితే ఆ ప్రకటనకు ముందు కొన్ని నెలలుగా అభిమానుల మధ్య ఒక వదంతి వ్యాపించి ఉన్నది. అప్పటికి జాడ తెలియని 106 భాగాలలో చాలా మట్టుకు దొరికాయన్నది ఆ వదంతి సారం. దాన్ని నమ్మినవారికి తొమ్మిది భాగాలు లభించిన వార్త తొంభై ఏడు భాగాలు లభించని వార్తగా వినిపించింది. నిన్నటివరకు తమ వద్ద లేనిది ఈనాడు తమకు అందితే, అందినదాన్ని వారు నష్టంగా లెక్కించుకున్నారు. తమకు ఎవరూ ఇస్తామని మాట ఇవ్వని వస్తువు విషయంలో తాము వంచితులమైనట్లు కొందరు భావించారు.

ఈ భావన కేవలం మనోవైజ్ఞానిక విషయం కాదు. దాని వెనుక ఒక నైతిక ప్రతిపాదన ఉన్నది. ‘ఇంతకాలం ప్రేమించాను, ఇంతకాలం ఎదురుచూశాను, కనుక నాకు రావలసినది ఉన్నది’ అన్నదే ఆ ప్రతిపాదన. ప్రేమ కాలక్రమంలో హక్కుగా మారుతుందా? మారితే, అది దేనిపై హక్కు? భారతీయ కావ్యశాస్త్రం సహృదయుని అర్హతను విస్తారంగా చర్చించింది. అతనికి కావ్యం నుండి ఏమి రావలసి ఉన్నదన్న ప్రశ్నను మాత్రం అంతగా పట్టించుకోలేదు. కావ్యం ముగిసిన తరువాతనే సహృదయుని చేతికి వచ్చేది గనుక ఆ ప్రశ్నకు అక్కడ అవకాశం తక్కువ. ముగియని కథ ఆ ప్రశ్నను అనివార్యం చేస్తుంది.

2. అభిమాన శబ్దం

తెలుగులో ఒక నటుని, కథను, ఆటను విశేషంగా ప్రేమించేవారిని ‘అభిమాని’ అంటారు. ఈ మాట వెనుక ఉన్న చరిత్ర ప్రస్తుత చర్చకు ఎంతో ఉపకరిస్తుంది. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారిక అహంకార తత్త్వాన్ని అభిమానంగానే నిర్వచించింది. ‘ఇది నేను, ఇది నాది’ అని ఒక వస్తువును తనకు అంటగట్టుకొనే వ్యాపారమే అక్కడ అభిమానం. తెలుగు వ్యవహారంలో ఈ శబ్దం ఆత్మగౌరవమనే అర్థాన్ని (‘అభిమానం గలవాడు’, ‘అభిమానం చంపుకొని’), ప్రీతి అనే అర్థాన్ని (‘వారికి మాపై ఎంతో అభిమానం’) రెండింటినీ నిలుపుకొన్నది. అభిమాని అవమానపడడం సులభమన్న సంగతి ఆ శబ్దంలోనే ఇమిడి ఉన్నది. ‘మమకారం’ కూడా ఇటువంటిదే. ‘నాది’ అనుకోవడమే దాని వ్యుత్పత్త్యర్థం. వాత్సల్యం దాని లోకవ్యవహారార్థం.

ఈ రెండర్థాలనూ విడదీయడం వ్యవహారంలో సాధ్యం కాదు. తనది అనుకోకుండా ఎవరూ ఒక కథను యాభై ఏళ్లు వెంబడించరు. అందువల్ల అభిమానంలోని ‘నాది’ అనే అంశాన్ని దోషమని త్రోసిపుచ్చడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. ఆ ‘నాది’ ఏయే సందర్భాలలో ఇతరులపై బాధ్యతను మోపగలదు, ఏయే సందర్భాలలో మోపలేదు అన్నదే పరిశీలించవలసిన విషయం. ఒకరి హక్కు మరొకరి విధి. ప్రేక్షకునికి హక్కు ఉన్నదంటే, దాన్ని నెరవేర్చవలసిన విధి రచయితకో, సంస్థకో ఉన్నదని అర్థం. కోరికకు అటువంటి ప్రతియోగి లేదు.

3. ధారావాహిక స్వరూపం

‘డాక్టర్ హూ’ మొదటి భాగం 1963 నవంబరు 23న బీబీసీలో ప్రసారమైంది. పోలీసు టెలిఫోన్ పెట్టె ఆకారంలో ఉన్న యంత్రంలో దేశకాలాలను దాటి సంచరించే ‘డాక్టర్’ అనే పాత్ర దీనికి కేంద్రం. మొదట ఆ పాత్రను ధరించినవాడు విలియం హార్ట్‌నెల్. 1966లో ఆయన తప్పుకోవలసి వచ్చినప్పుడు నిర్మాతలు ధారావాహికను ఆపలేదు. పాత్ర రూపాన్నే మార్చారు. అదే ప్రాణి కొత్త దేహంతో, కొంత కొత్త స్వభావంతో లేచి నిలిచింది. పాట్రిక్ ట్రౌటన్ రెండవ డాక్టర్ అయ్యాడు. ఒక నటుని అనారోగ్యం నుండి పుట్టిన ఈ ఉపాయమే ఆ ధారావాహికకు దీర్ఘాయువునిచ్చింది. మన కథలలోని పరకాయ ప్రవేశం వంటిది కాదిది. అక్కడ జీవి మరొకరి దేహంలో ప్రవేశిస్తే, ఇక్కడ జీవికి తన దేహమే మారుతుంది.

దీనివల్ల రెండు ఫలితాలు కలిగాయి. ఈ కథకు ఏక కర్త లేడు; నటుడు, నిర్మాత, రచయిత అందరూ మారుతూ వచ్చారు. కథ ఎక్కడ ముగియాలో నిర్ణయించే అంతర్గత నియమమూ లేదు. ఒక కృతి అనేక చేతులలో సాగడం తెలుగువారికి అపరిచితం కాదు. నన్నయ విడిచిన ఆరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన పూరించి, నన్నయ కృతిభర్త అయిన రాజరాజనరేంద్రునికే దాన్ని అంకితం చేశాడు. అయితే ఎఱ్ఱన ముందు వ్యాసభారతమనే సంపూర్ణ గ్రంథం ఉన్నది. ఎక్కడికి చేరాలో ఆయనకు తెలుసు. ‘డాక్టర్ హూ’ను కొనసాగించే రచయితకు అటువంటి గమ్యం లేదు. అతనికి వారసత్వంగా లభించేది జరిగిన కథ మాత్రమే. ఆ జరిగిన కథ అందరికంటె బాగా గుర్తున్నది అభిమానులకు. దావాలు పుట్టేది ఈ పరిస్థితిలోనే.

4. మొదటి దావా: కథ కొనసాగాలి

1985 ఫిబ్రవరిలో బీబీసీ ఈ ధారావాహికకు పద్ధెనిమిది నెలల విరామం ఇవ్వనున్నట్లు తెలిసింది. అభిమానులు, పత్రికలు నిరసన తెలిపారు. నిరసనగా ఒక పాటను రికార్డు చేసి విడుదల చేశారు కూడా. కార్యక్రమం 1986లో తిరిగివచ్చినా, 1989 డిసెంబరు తరువాత మళ్లీ ఆగిపోయింది. నడుమ 1996లో వచ్చిన ఒక్క టెలివిజన్ చిత్రాన్ని మినహాయిస్తే, క్రమబద్ధమైన ప్రసారం 2005 మార్చి 26న గాని తిరిగి ప్రారంభం కాలేదు. 2025 అక్టోబరులో ఇదే ఆందోళన మరో రూపంలో కనబడింది. డిస్నీ ప్లస్‌తో భాగస్వామ్యం ముగిసిందనీ, 2026 క్రిస్మస్‌కు ఒక ప్రత్యేక భాగం ఉంటుందనీ బీబీసీ ప్రకటించింది. ఆ ప్రకటనలోని ప్రతి వాక్యాన్నీ అభిమానులు ఆయుష్షు లెక్కించే జాతకంలా చదివారు.

కొనసాగింపు హక్కును సమర్థించే వాదాలలో బలమైనది ఒకటున్నది. బీబీసీ ప్రధానంగా ప్రేక్షకులు చెల్లించే లైసెన్సు రుసుముతో నడిచే సంస్థ. కాబట్టి బ్రిటిష్ ప్రేక్షకుడు అంగడిలో కొనుగోలుదారు వంటివాడు కాడు, సంస్థ పోషకుడు. పోషకునికి తన పోషణ దేనికి వినియోగమవుతున్నదో అడిగే అధికారం ఉన్నదని ఈ వాదం చెబుతుంది. అడిగే అధికారం ఉన్నమాట నిజమే. కాని ఆ రుసుమును చెల్లించేవారు అందరూ. వార్తలు కోరేవారు, సంగీతం కోరేవారు, పిల్లల కార్యక్రమాలు కోరేవారు సమానంగా చెల్లిస్తారు. ఉమ్మడి నిధిలో భాగస్వామ్యం ఒకరికి ఒక నిర్దిష్ట కార్యక్రమంపై హక్కునిస్తే, అదే న్యాయం ప్రకారం దాన్ని ఆపమని కోరే హక్కు మరొకరికి వస్తుంది. పైగా ఆస్ట్రేలియాలోనో అమెరికాలోనో ఉండి ఆ రుసుము చెల్లించని అభిమాని ప్రేమ తక్కువదని ఈ వాదం అంగీకరించవలసి ఉంటుంది. అభిమానులెవరూ దానికి ఒప్పుకోరు.

రెండవ వాదం నిరీక్షణను ఆధారం చేసుకుంటుంది. ధారావాహిక తనంత తానే ‘తరువాయి భాగం ఉన్నది’ అని చెబుతూ ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టింది. అది ఒక విధమైన వాగ్దానం. కథాసంధి మధ్యలో కార్యక్రమాన్ని ఆపివేస్తే ఈ వాదానికి కొంత విలువ ఉంటుంది. ఒక కథ ముగిసి, మరొక కథ ఎన్నడు వస్తుందో చెప్పనప్పుడు, ఎదురుచూసేవాని ఆశ వల్ల వాగ్దానం సిద్ధించదు. ఒకరి ఆశ మరొకరి శ్రమపై తాకట్టు కాజాలదు. కథ చెప్పడం శ్రమ. చెప్పేవారికి చెప్పదలచుకున్నది ఏదీ లేనప్పుడు చెప్పించడం శిక్ష.

ఈ నిర్ణయానికి చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉన్నది. ప్రసారం లేని ఆ సుదీర్ఘ కాలంలో అభిమానులలో కొందరు అడగడం మాని రాయడం మొదలుపెట్టారు. 1991 నుండి డాక్టర్ ప్రధాన పాత్రగా కొత్త నవలలు వెలువడ్డాయి. 1999 నుండి బిగ్ ఫినిష్ సంస్థ శ్రవ్యనాటకాలను తీసుకువచ్చింది. 2005లో ధారావాహికను పునఃప్రారంభించిన రస్సెల్ టి. డేవిస్ ఆ నవలలలో ఒకదాన్ని రాసినవాడే. కథ తమకు రావలసిన బాకీ అనుకొన్నంతకాలం వారికి దొరకనిది, దాన్ని తాము మోయవలసిన బరువుగా స్వీకరించినప్పుడు లభించింది.

5. రెండవ దావా: కథ మారకూడదు

రెండవ దావా ప్రామాణికతకు సంబంధించినది. దీర్ఘకాలిక వైజ్ఞానిక కల్పనల అభిమానులు కథాలోకంలో ‘నిజంగా జరిగినది’ ఏది, జరగనిది ఏది అని విభజిస్తారు. కొత్త రచయిత పాత సంగతికి విరుద్ధంగా రాస్తే అది అపరాధమని భావిస్తారు. తెలుగు పరిశోధకులకు ఈ ధోరణి వెంటనే పరిచితంగా తోస్తుంది. ప్రక్షిప్తాలను ఏరివేసి మూలపాఠాన్ని నిర్ణయించే పరిష్కర్త పని వంటిది ఇది. పుణేలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ దశాబ్దాలు శ్రమించి మహాభారతానికి సంశోధిత ప్రతిని సిద్ధం చేసినప్పుడు అనుసరించిన జాగ్రత్త, అభిమానులు కథాలోక వంశావళులను సరిచూసే జాగ్రత్త పైకి ఒకే విధంగా కనబడతాయి.

కాని రెండింటికీ మౌలికమైన భేదం ఉన్నది. పరిష్కర్త వెదకే పాఠం గతంలో ఉన్నది. అతడు దాన్ని పునర్నిర్మించడానికి యత్నిస్తాడు. ‘డాక్టర్ హూ’ విషయంలో మూలపాఠమనేది ఏ కాలంలోనూ లేదు. 1976లో ప్రసారమైన ‘ది డెడ్లీ అసాసిన్’ అన్న కథ దీనికి మంచి నిదర్శనం. రాబర్ట్ హోమ్స్ రాసిన ఆ కథ డాక్టర్ పుట్టిన జాతిని అంతవరకు ఉన్న గంభీర కల్పనకు భిన్నంగా, వృద్ధాప్యంతో, రాజకీయ కుతంత్రాలతో నిండిన సమాజంగా చూపింది. అప్పటి అభిమాన సంఘం నుండి దానిపై తీవ్రమైన విమర్శ వచ్చింది. ఆ జాతివారు పన్నెండుసార్లు మాత్రమే దేహం మార్చుకోగలరన్న నియమం పుట్టింది కూడా ఆ కథలోనే. ధారావాహిక మొదలైన పదమూడేళ్లకు చేరిన ఆ నియమం క్రమంగా అనుల్లంఘ్యమైన సూత్రమైంది. 2013 క్రిస్మస్ భాగంలో డాక్టర్‌కు ఆ పరిమితి నుండి విముక్తి కలిగించడానికి ప్రత్యేకంగా కథ అల్లవలసి వచ్చింది. ఒక తరం ప్రక్షిప్తమని నిరసించినదాన్ని తరువాతి తరం ప్రమాణమని కాపాడింది. ఈనాడు ఆ కథను ఉత్తమమైనవాటిలో ఒకటిగా లెక్కించేవారు అనేకులు.

ఇంతకంటె ఆలోచింపజేసే సంఘటన మరొకటి. 1986లో బీబీసీ ‘ఓపెన్ ఎయిర్’ కార్యక్రమంలో కొందరు యువ అభిమానులు ఆ ఏటి కథలను కఠినంగా విమర్శించారు. వారిలో ఒకడైన క్రిస్ చిబ్నల్ మూడు దశాబ్దాల తరువాత అదే ధారావాహికకు ప్రధాన రచయిత, నిర్వాహకుడు అయ్యాడు. 2020 మార్చి 1న ప్రసారమైన ఆయన కథ ‘ది టైమ్‌లెస్ చిల్డ్రన్’, తొలి డాక్టర్ అనుకున్న రూపానికి ముందు కూడా అనేక రూపాలు ఉన్నాయని చెప్పి డాక్టర్ పుట్టుకనే మార్చివేసింది. తమ కథను పాడుచేశాడని నాటి అభిమానులలో ఒక వర్గం ఆగ్రహించింది. విమర్శకుడిగా మొదలైనవాడు విమర్శకు గురికావడంలో వింత లేదు. ఇక్కడ గమనించవలసినది, ఆయన కూడా అభిమానే అన్న విషయం. అభిమానమే కథపై అధికారమిస్తే, ఆ అధికారం ఆయనకూ ఆయనను నిరసించినవారికీ సమానంగా ఉన్నది. పరస్పర విరుద్ధమైన ఆజ్ఞలను ఒకే హక్కు నుండి పుట్టించే సూత్రం దేన్నీ నిర్ణయించలేదు.

అంతమాత్రాన మార్పునంతటినీ మౌనంగా అంగీకరించవలసి ఉన్నదని కాదు. క్షేమేంద్రుడు కావ్యానికి జీవితంగా చెప్పిన ఔచిత్యం ఇక్కడ వర్తిస్తుంది. ఒక మార్పు పాత్ర స్వభావానికి, కథ అంతరార్థానికి తగినదా కాదా అన్న ప్రశ్న న్యాయమైనది. కాని ఔచిత్య విచారం జరగవలసింది కథను చూసిన తరువాత, కథలోని ఆధారాలతో. ‘నాకు తెలిసిన పట్టికతో ఇది సరిపోలడం లేదు’ అన్నది ఔచిత్య విమర్శ కాదు. ‘ఇది అనుచితం’ అని చెప్పే అధికారం ప్రతి సహృదయునికీ ఉన్నది. ‘ఇలా రాయడానికి నీకు హక్కు లేదు’ అని చెప్పే అధికారం ఎవరికీ లేదు.

6. వార్త – రసవిఘ్నం

అభిమాని ఎక్కువ కాలం గడిపేది కథతో కాదు, కథను గురించిన వార్తతో. ఏటా కొద్ది గంటల ప్రసారానికి ఏడాది పొడవునా వార్తలు: ఎవరు రాస్తున్నారు, ఎవరు నటిస్తున్నారు, ఎప్పుడు వస్తుంది, అసలు వస్తుందా. 2017 జులై 16న జోడీ విట్టకర్ తదుపరి డాక్టర్ అని బీబీసీ ప్రకటించింది. ఆ పాత్రకు ప్రధాన నటిగా ఒక స్త్రీ ఎంపిక కావడం అదే తొలిసారి. ఆమె ప్రధాన పాత్రగా పూర్తి కథ ప్రసారమైనది 2018 అక్టోబరులో. నడుమనున్న పదిహేను నెలలలో సంతోషించినవారు, ఆగ్రహించినవారు ఉభయులూ తీర్పు చెప్పివేశారు. తీర్పుకు ఆధారం కావలసిన కృతి మాత్రం అప్పటికి లేదు.

వార్త వల్ల కలిగే నష్టం కథ ముందే తెలిసిపోవడమని సాధారణంగా భావిస్తారు. ఈ అభిప్రాయం లోతుగా చూస్తే నిలవదు. హరికథకు వచ్చే శ్రోతకు సీతాకల్యాణం ఎలా ముగుస్తుందో తెలుసు. పడక సీనులో పద్యం పూర్తికాకముందే అది ప్రేక్షకుని పెదవులపై ఉంటుంది. తెలిసిన కథ రసానుభూతికి అడ్డు కాలేదు. అడ్డుగా నిలిచేది మరొకటి. అభినవగుప్తుడు నాట్యశాస్త్ర వ్యాఖ్యలో పేర్కొన్న రసవిఘ్నాలలో ‘నిజసుఖాది వివశీభావం’ ఒకటి. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు లోబడి ఉండి, రంగస్థలం మీది విషయానికి చిత్తాన్ని అప్పగించలేకపోవడమే ఈ విఘ్నం. విభావాదులు ‘నావి’ గాను ‘పరునివి’ గాను గాక సర్వసాధారణంగా తోచినప్పుడే రసానుభూతి అని సాధారణీకరణ సిద్ధాంతం చెబుతుంది. వార్త దీనికి వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. అది కథను ప్రేక్షకుని లాభనష్టాల భాషలోకి తెస్తుంది. ‘నేను కోరినట్లు జరిగిందా, నా అంచనా ఫలించిందా, నా పక్షం గెలిచిందా’ అన్న ప్రశ్నలతో అతడు కథ ముందు కూర్చుంటాడు. కథ వచ్చేసరికి అతడు ప్రేక్షకుడుగా మిగలడు; వ్యాజ్యంలో కక్షిదారు అవుతాడు.

వార్తను అనుసరించడమే దోషమని దీని అర్థం కాదు. ఎదురుచూపు మనుషులను కలుపుతుంది. ప్రసారం లేని కాలంలో ఒకరినొకరు ఎరుగని వేలాదిమందిని ఒక సమాజంగా నిలిపినది ఈ వార్తల ఇచ్చిపుచ్చుకోవడమే. ఒక ఊరివారు దూరదేశంలో ఉన్న బంధువు ఉత్తరం కోసం ఎదురుచూడడంలో ఉన్న ఆర్ద్రత దానిలోనూ ఉన్నది. ఉత్తరంలో ఏమి రాయాలో నిర్ణయించే అధికారం తమదని అనుకున్నప్పుడే ఆ ఆర్ద్రత చెడుతుంది.

7. మూడవ దావా: కథ నశించకూడదు

1960లలో ప్రసారమైన నలుపు తెలుపు ‘డాక్టర్ హూ’ భాగాలు మొత్తం 253. వాటిలో 97 భాగాలు 2013 నాటి ప్రకటన తరువాత కూడా లభించని స్థితిలోనే ఉండిపోయాయి. ఇవి అగ్నిప్రమాదంలో పోయినవి కావు. వీడియో టేపు ఖరీదైనది గనుక దానిని తుడిచి మళ్లీ వాడుకున్నారు. నటుల సంఘాలతో ఒప్పందాల వల్ల పునఃప్రసారాలకు పరిమితులుండేవి. ఇంటిలో చూసుకొనే వీడియోలు అప్పటికి లేవు. విదేశాలకు అమ్మడానికి తీసిన ఫిల్మ్ ప్రతులను కూడా గడువు తీరాక పారవేశారు. 1970ల చివరలో గాని ఈ పద్ధతి ఆగలేదు. ఆనాటి అధికారులను దుర్మార్గులనడం న్యాయం కాదు. ఒకసారి ప్రసారమైన కార్యక్రమం నిన్నటి పత్రిక వంటిదని వారు నమ్మారు.

అలా నమ్మనివారు కొందరున్నారు. టెలివిజన్ పెట్టె ముందు టేప్ రికార్డరు పెట్టుకొని, ఇంట్లోవారిని మాట్లాడవద్దని బతిమాలి, ప్రసారమవుతున్న ధ్వనిని కుర్రవాళ్లు నమోదు చేసుకున్నారు. దృశ్యం పోయిన ఆ 97 భాగాలకూ ధ్వని నేడు మిగిలి ఉన్నదంటే అటువంటి ఇళ్లలో దాచిన టేపులే కారణం. వాటి ఆధారంతోనే 2016లో ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’ వంటి కథలకు బొమ్మల రూపం ఇవ్వడం సాధ్యమైంది. ఆస్ట్రేలియాలో మరొక విచిత్రం జరిగింది. పిల్లలకు తగవని అక్కడి సెన్సారు అధికారులు కత్తిరించిన దృశ్యశకలాలు ప్రభుత్వ భాండాగారంలో ఉండిపోగా, 1996లో అభిమానులు వాటిని వెలికితీశారు. చూడదగినవని అనుమతించిన భాగాలు నశించి, చూడదగవని తొలగించిన ముక్కలే కొన్ని కథలకు మిగిలిన కదిలే దృశ్యాలయ్యాయి. ఏది దాచదగినదో నిర్ణయించే వివేకం వర్తమానానికి పూర్తిగా ఉండదని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

కథను కాపాడమనే దావా మొదటి రెండింటికంటె ఏ విధంగా భిన్నం? ఒక పరీక్షను ప్రతిపాదించవచ్చు. అభిమాని తన కోరికను తనకు తెలియని, తనతో ఏకీభవించని, ఇంకా పుట్టని ప్రేక్షకుని పక్షాన కూడా చేయగలడా అన్నదే ఆ పరీక్ష. ‘కథ కొనసాగాలి’ అన్న కోరికను, అది ముగిస్తేనే అందమని భావించేవాని పక్షాన చేయలేము. ‘కథ మారకూడదు’ అన్నదానిని, మారిన రూపంతోనే కథలో ప్రవేశించిన బాలిక పక్షాన చేయలేము. ‘కథ నశించకూడదు’ అన్నదానిని అందరి పక్షానా చేయవచ్చు. దాన్ని ఇష్టపడేవారికి అది కావాలి. అది చెడ్డదని నిరూపించదలచినవారికి కూడా కావాలి. 1992లో హాంకాంగ్ నుండి తిరిగివచ్చిన ‘ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ తన చుట్టూ అల్లుకొన్న ఖ్యాతిని పరీక్షకు నిలిపింది. 2013లో దొరికిన ‘ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్’ అంతకుముందు లేని గౌరవాన్ని పొందింది. కృతి లేనిచోట స్తుతి, నింద రెండూ వదంతులే.

ఈ దావాలో ‘నాది’ అన్న అంశం తగ్గిపోయి ‘అందరిది’ అన్న అంశం నిలుస్తుంది. సాధారణీకరణం అనుభూతిలో చేసే పనిని ఇది నీతిలో చేస్తుంది. ఇది సృష్టికర్త స్వేచ్ఛను హరించదు కూడా. కొత్త కథ ఎలా రాయాలో చెప్పదు. రాసినదాన్ని తుడిచివేయవద్దని మాత్రమే అడుగుతుంది.

అయినా ఈ దావాకు రెండు చిక్కులున్నాయి. ఒకటి చట్టానికి సంబంధించినది. 2023 నవంబరులో బీబీసీ తన పాత భాగాలను ఒకచోట ప్రేక్షకులకు అందుబాటులోకి తెచ్చినప్పుడు, అన్నింటికంటె మొదటిదైన కథ వాటిలో లేదు. రచయిత వారసునితో హక్కుల విషయంలో అంగీకారం కుదరకపోవడమే కారణం. పరిరక్షణ వేరు, అందుబాటు వేరు. మొదటిదానిని హక్కుగా అడగవచ్చు. రెండవది రచయిత, అతని వారసుల న్యాయమైన ప్రయోజనాలతో సమన్వయం కావలసినది. రెండవ చిక్కు అభిమానంలోనే ఉన్నది. సంస్థ పారవేసిన రీలును కాపాడిన సేకర్త లోకానికి ఉపకారి. దాన్ని ఎవరికీ చూపకుండా బీరువాలో దాచుకుంటే, సంస్థ తుడిచివేసినదానికీ అతడు దాచినదానికీ చూసేవారి దృష్టిలో భేదం లేదు. ‘నాది’ అన్న భావమే కాపాడించింది. అదే భావం కాపాడినదాన్ని నిష్ఫలం చేయగలదు.

ఈ సమస్య ఆంగ్ల ప్రేక్షకులకే పరిమితం కాదు. 1931 నాటి తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’, 1932 నాటి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఈనాడు చూడడానికి లభ్యం కావు. ఆ చిత్రాలను గురించి రాసే పరిశోధకుడు ప్రకటనలు, ఛాయాచిత్రాలు, జ్ఞాపకాలు ఆధారంగా రాయవలసిందే. వాటిని చూసి మెచ్చినవారు అసంఖ్యాకులు; దాచినవారు లేకపోయారు. ఒక భాషాసమాజానికి తన కృతులపై ఎంత అభిమానమున్నదన్నది విడుదలనాటి కోలాహలంతోనే తేలదు. యాభై ఏళ్ల తరువాత ఏమి మిగిలి ఉన్నదన్నది కూడా చూడవలసి ఉంటుంది.

8. ఉపసంహారం

దీర్ఘకాల ప్రేమ ప్రేక్షకునికి కథ భవిష్యత్తుపై హక్కునివ్వదు. భవిష్యత్తు ఇంకా శ్రమించవలసినవారిది. కథ రూపంపై ఆజ్ఞాపించే హక్కునూ ఇవ్వదు. విమర్శించే స్వేచ్ఛను ఇస్తుంది, అది తక్కువది కాదు. కథ గతంపై మాత్రం ఆ ప్రేమకు ఒక న్యాయమైన దావా ఉన్నది. అది తన కోసం అడిగేది కాక, రాబోయేవారి పక్షాన అడిగేది గనుకనే న్యాయమైనది. ఈ దావా అడిగేవానిపై కూడా ఒక విధిని మోపుతుంది: తన వద్దనున్నదాన్ని తాను దాచాలి, దాచినదాన్ని పంచాలి.

ప్రస్తావనలో పేర్కొన్న 2013 నాటి నిరాశను ఈ వెలుగులో తిరిగి చూడవచ్చు. జోస్ నగరంలోని ఆ కేంద్రంలో దుమ్ము పట్టిన రీళ్లను పారవేయకుండా అరలో ఉంచినవారెవరో లోకానికి తెలియదు. వారు ఈ ధారావాహికకు అభిమానులై ఉండవలసిన అవసరం కూడా లేదు. వారికి ఎవరూ బాకీ లేరు. వారూ ఎవరికీ బాకీ లేరు. ఆ తొమ్మిది భాగాలను తొంభై ఏడింటితో పోల్చి చూసినవారు వాటిని చెల్లని బాకీలో చిన్న వాయిదాగా లెక్కించారు. నిజానికి అవి ఎవరికీ రావలసినవి కావు. రావలసినది కానిది లభించినప్పుడు దాన్ని స్వీకరించే పద్ధతి కృతజ్ఞత. అభిమాని అందుకు సమర్థుడైన రోజున, ఆ శబ్దంలోని రెండర్థాలలో ప్రీతి అన్న అర్థం అహంకారమన్న అర్థం కంటె బలమైనదని చెప్పవచ్చు.